డిష్‌వాషర్

డిష్‌వాషర్ అనగా భోజనపు పళ్ళెములను, వంట పాత్రలను వేడి నీటితోను, క్షార గుణము గల డిటర్జెంటుతోను కడిగి ఆరబెట్టే విద్యుత్ యంత్రము. దీనిని తెలుగులో పాత్రలు కడిగే యంత్రము అనీ, వాడుకగా అంట్లు తోమే యంత్రము అనీ అంటారు. నిజానికి ఈ యంత్రము పాత్రలను తోమదు. పీచుతో రుద్దడము ఇందులో లేదు. నీటి ధారల తాకిడి, వేడి, డిటర్జెంటు, సమయము అనే నాలుగింటితోనే పాత్రలు శుభ్రపడతాయి.

విద్యుత్తును, నీటిని పొదుపుగా వాడే గృహోపయోగ డిష్‌వాషరును ఎంచుకొనే విధానము ఈ వ్యాసములో ప్రధానముగా వివరించబడినది. నీరు, విద్యుత్తు, పాత్రలు ఊరిని బట్టి మారుతాయి కనుక ఉదాహరణలు ఏలూరు జిల్లా (2022 ఏప్రిల్ 4కు పూర్వము పశ్చిమ గోదావరి జిల్లా) లోని జంగారెడ్డిగూడెం మెట్ట ప్రాంతము నుండి, దానికి దిగువనున్న గోదావరి డెల్టా నుండి తీసుకొనబడినవి.

సంప్రదాయ పద్ధతి

గోదావరి జిల్లాలలో అంట్లు తోమడానికి పూర్వము పొయ్యిలోని బూడిదను, కొబ్బరి పీచును వాడేవారు. ఇత్తడి, రాగి పాత్రలను చింతపండుతో తోమేవారు. కట్టె బూడిదలో పొటాషియం కార్బొనేటు అనే క్షారము ఉంటుంది. ఇది జిడ్డును విడగొడుతుంది. నేటి డిష్‌వాషర్ డిటర్జెంట్లలో ప్రధానముగా ఉండే సోడియం కార్బొనేటు కూడా ఇటువంటి క్షారమే. చింతపండులోని ఆమ్లము ఇత్తడిపై ఏర్పడిన చిలుమును కరిగిస్తుంది. కనుక పాత పద్ధతిలోను, కొత్త యంత్రములోను రసాయన సూత్రము ఒక్కటే. చేతి రాపిడి చేసే పనిని యంత్రములో వేడి, కాలము చేస్తాయి.

చరిత్ర

1850లో అమెరికాకు చెందిన జోయెల్ హౌటన్ చేతితో త్రిప్పే కొయ్య యంత్రానికి పేటెంటు పొందాడు. అది పాత్రలపై నీటిని చల్లేది కాని సరిగా శుభ్రపరచలేకపోయింది. ఆచరణలో ఉపయోగపడిన తొలి యంత్రమును ఇల్లినాయ్ రాష్ట్రములోని షెల్బీవిల్ పట్టణానికి చెందిన జోసెఫిన్ కోక్రేన్ (1839-1913) రూపొందించింది. ఆమెకు 1886 డిసెంబరు 28న పేటెంటు లభించింది. పాత్రలను తీగల అరలలో కదలకుండా అమర్చి, వాటిపైకి నీటిని ఒత్తిడితో చిమ్మడము ఆమె పద్ధతి. నేటి యంత్రములన్నీ ఈ సూత్రము మీదనే పనిచేస్తున్నాయి. 1893లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఆమె యంత్రములు ప్రదర్శించబడినవి. తొలి కొనుగోలుదారులలో ఎక్కువ భాగము హోటళ్ళే.

1924లో బ్రిటనులో విలియం హోవర్డ్ లివెన్స్ ఇళ్ళకు సరిపడే చిన్న యంత్రమును తయారు చేశాడు. 1929లో జర్మనీకి చెందిన మీలే సంస్థ విద్యుత్తుతో నడిచే యంత్రమును ఐరోపా విపణిలోకి తెచ్చింది. భారతదేశములో ఈ యంత్రము చాలాకాలము అరుదుగానే ఉండినది. 2020లో కోవిడ్ లాక్‌డౌను కాలములో ఇంటి పనివారు రాలేని పరిస్థితి ఏర్పడినపుడు దీనికి గిరాకీ పెరిగింది. 2025 సెప్టెంబరు 22 నుండి డిష్‌వాషర్లపై జి.ఎస్.టి. 28 శాతము నుండి 18 శాతమునకు తగ్గించబడినది.

పనిచేయు విధానము

యంత్రపు తలుపు మూసి మీట నొక్కగానే 3 లేక 4 లీటర్ల నీరు అడుగున ఉన్న గుంటలోకి చేరుతుంది. పంపు ఈ నీటిని తిరిగే చేతుల వంటి గొట్టములలోకి పంపుతుంది. వాటి రంధ్రముల నుండి వెలువడే ధారలు పాత్రలను తాకి, నీరు మరల గుంటలోకి జారి, జల్లెడ గుండా వడకట్టబడి తిరిగి పైకి వెళుతుంది. అనగా కొద్దిపాటి నీరే అనేక సార్లు తిరుగుతుంది. ఒక దశ ముగియగానే మురికి నీరు బయటకు పోయి కొత్త నీరు వస్తుంది. సాధారణముగా దశలు ఇవి:

1. తొలి కడుగు - చన్నీటితో మెతుకులను, పులుసును వదిలించుట.
2. ప్రధాన కడుగు - డిటర్జెంటుతో, వేడి నీటితో కడుగుట.
3. జాడింపు - ఒకటి లేక రెండు సార్లు మంచి నీటితో జాడించుట.
4. చివరి వేడి జాడింపు - పాత్రలు త్వరగా ఆరుటకు వేడి నీటితో జాడించుట.
5. ఆరబెట్టుట.

డిటర్జెంటులో క్షారముతో పాటు ఎంజైములు ఉంటాయి. వీటిలో ఒక రకము అన్నపు గంజిని, మరొక రకము పప్పు, పాలు, గుడ్డు వంటి మాంసకృత్తుల మరకలను విడగొడుతుంది. ఎంజైములు సుమారు 50 డిగ్రీల సెల్సియస్ వేడిలో చక్కగా పనిచేస్తాయి. అయితే వాటికి వ్యవధి కావలెను.

ఎకో ప్రోగ్రాము

ప్రతి యంత్రములోను అనేక ప్రోగ్రాములు ఉంటాయి. వీటిలో ఎకో అని వ్రాసి ఉన్నది సాధారణముగా 3 నుండి 4 గంటలు నడుస్తుంది. త్వరగా ముగిసేవి, అధిక వేడితో నడిచేవి వేరుగా ఉంటాయి. ఎక్కువ సేపు నడిచే ప్రోగ్రాము ఎక్కువ విద్యుత్తు వాడుతుందని చాలామంది భావిస్తారు. వాస్తవము దీనికి విరుద్ధము.

దీనికి కారణమును 1959లో జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు హెర్బర్ట్ సిన్నర్ ప్రతిపాదించిన సూత్రము వివరిస్తుంది. శుభ్రపరచుటకు వేడి, రాపిడి, రసాయనము, కాలము అనే నాలుగు అంశములు కావలెను. ఒకటి తగ్గినచో మరొకటి పెరుగవలెను. ఎకో ప్రోగ్రాములో వేడిని తగ్గించి కాలమును పెంచుతారు. నీటిని త్రిప్పే మోటారుకు కొద్దిపాటి విద్యుత్తు చాలును. నీటిని వేడి చేసే హీటరుకు మాత్రము సుమారు 2,000 వాట్లు కావలెను. అందుచేత హీటరు తక్కువ సేపు పనిచేసే ప్రోగ్రామే పొదుపైనది. 12 నుండి 14 మంది పళ్ళెములు పట్టే యంత్రములు ఎకోలో ఒక విడతకు సుమారు 0.7 నుండి 1 యూనిట్టు విద్యుత్తును, 9 నుండి 12 లీటర్ల నీటిని వాడతాయి. 70 డిగ్రీల వేడితో నడిచే ప్రోగ్రాములకు 1.2 నుండి 1.6 యూనిట్ల వరకు కావచ్చును.

నీటిని వేడి చేయుటకు పట్టే విద్యుత్తును సులభముగా లెక్కించవచ్చును. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చేయుటకు సుమారు 4.19 కిలోజౌళ్ళ శక్తి కావలెను. ఒక యూనిట్టు అనగా 3,600 కిలోజౌళ్ళు. 4 లీటర్ల నీటిని 15 డిగ్రీల నుండి 50 డిగ్రీలకు తెచ్చుటకు 586 కిలోజౌళ్ళు, అనగా 0.16 యూనిట్టు పడుతుంది. అదే నీరు మొదటే 30 డిగ్రీలు ఉన్నచో 335 కిలోజౌళ్ళు, అనగా 0.09 యూనిట్టు చాలును. దీనికి తోడు పాత్రలను, యంత్రపు లోగోడలను వేడి చేయుటకు పట్టే శక్తి కూడా ఉంటుంది. ఐరోపాలో యంత్రములను 15 డిగ్రీల నీటితో పరీక్షిస్తారు. జంగారెడ్డిగూడెములో మేడపై ట్యాంకులోని నీరు ఏడాదిలో ఎక్కువ కాలము అంతకంటె వెచ్చగా ఉంటుంది. మే నెల మధ్యాహ్నము కుళాయి నీటిలో చేయి పెట్టుట కూడా కష్టము. కాబట్టి ముద్రపై చూపిన దానికంటె ఇక్కడ వేడికి పట్టే విద్యుత్తు కొంత తక్కువగా ఉంటుంది.

చేతితో తోముటతో పోలిక

డిష్‌వాషర్ వలన నీరు, విద్యుత్తు రెండూ ఆదా అవుతాయని ప్రకటనలలో తరచుగా కనిపిస్తుంది. జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయమువారు 2004లో ప్రచురించిన అధ్యయనము ఈ వాదనకు మూలములలో ఒకటి. అందులో వివిధ ఐరోపా దేశస్థులు 12 మంది భోజన పాత్రలను చేతితో కడుగగా సగటున 103 లీటర్ల నీరు, 2.5 యూనిట్ల శక్తి ఖర్చయినవి.

ఈ పోలికను మన ఇళ్ళకు యథాతథముగా అన్వయించరాదు. ఆ 2.5 యూనిట్లు వేడి నీటికి పట్టినవి. గోదావరి జిల్లాలలో అంట్లు చన్నీటితోనే తోముతారు. కనుక విద్యుత్తు దాదాపు ఏమీ ఖర్చు కాదు. నీటిని బోరు నుండి తోడుటకు పట్టే విద్యుత్తును లెక్కించినా తేడా స్వల్పమే. 200 అడుగుల లోతు నుండి 1,000 లీటర్ల నీటిని పైకి తెచ్చుటకు సుమారు 600 కిలోజౌళ్ళ పని జరుగవలెను. మోటారు, పంపు కలిసి 40 శాతము సామర్థ్యముతో పనిచేసినచో సుమారు 0.4 యూనిట్టు అగును. యంత్రము వలన రోజుకు 50 లీటర్ల నీరు మిగిలినా తోడుటలో ఆదా అయ్యే విద్యుత్తు 0.02 యూనిట్టు మాత్రమే. యంత్రము నడుచుటకు పట్టే 0.9 యూనిట్టుతో పోల్చినచో ఇది లెక్కలోనికి రాదు.

నీటి విషయములో పోలిక తోమే పద్ధతిని బట్టి ఉంటుంది. నిమిషానికి 6 లీటర్లు పారే కుళాయిని 10 నిమిషములు వదలి ఉంచినచో 60 లీటర్లు పోతాయి. యంత్రము 10 లీటర్లతోనే ఆ పని చేస్తుంది. అయితే రెండు బేసిన్లలో నీరు పట్టుకొని, ఒకదానిలో తోమి రెండవదానిలో జాడించే గృహిణికి యంత్రము వలన కలిగే నీటి ఆదా చాలా తక్కువ.

కాబట్టి చన్నీటితో తోమే ఇంట్లో డిష్‌వాషర్ విద్యుత్తును ఆదా చేయదు, కొత్తగా ఖర్చు చేస్తుంది. అది ఆదా చేసేది శ్రమను, సమయమును, కొన్ని ఇళ్ళలో నీటిని. ఆ కొత్త ఖర్చును వీలైనంత తగ్గించుటయే శక్తి సామర్థ్యము గల యంత్రమును ఎంచుకొనుటలోని ఉద్దేశము.

శక్తి సామర్థ్యపు ముద్రలు

భారతదేశములో 2001 నాటి శక్తి పరిరక్షణ చట్టము ప్రకారము 2002 మార్చి 1న బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఏర్పడినది. ఈ సంస్థ 2006లో నక్షత్రముల ముద్రను ప్రవేశపెట్టింది. నక్షత్రములు ఎక్కువైన కొద్దీ విద్యుత్తు పొదుపు ఎక్కువ. ఫ్రిజ్‌లు, ఏ.సి.లు కొనేవారికి ఈ ముద్ర సుపరిచితము.

ఐరోపా సమాఖ్య ముద్రలో 'ఎ' నుండి 'జి' వరకు తరగతులు ఉంటాయి. పూర్వపు 'ఎ ప్లస్' తరగతులను రద్దు చేసి 2021 మార్చి 1 నుండి కొత్త కొలమానమును అమలు చేశారు. దీనిలో పాత ముద్రపై అత్యుత్తమముగా ఉన్న యంత్రములు చాలావరకు మధ్య తరగతులకు దిగినవి. కావున పాత ముద్రలోని 'ఎ ప్లస్' కొత్త ముద్రలోని 'సి' కంటె మెరుగని భావించరాదు. కొత్త ముద్రపై ఎకో ప్రోగ్రాముకు 100 విడతలకు పట్టే యూనిట్లు, ఒక విడతకు పట్టే లీటర్లు, వ్యవధి, శబ్దము వ్రాసి ఉంటాయి. 100 విడతలకు 85 అని ఉన్నచో ఒక విడతకు 0.85 యూనిట్టు అని అర్థము.

యంత్రముపై నక్షత్రముల ముద్ర గాని, ఐరోపా ముద్ర గాని లేనిచో దానితో వచ్చే పుస్తకములో ప్రోగ్రాముల పట్టిక చూడవలెను. ప్రతి ప్రోగ్రాముకు పట్టే యూనిట్లు, లీటర్లు, నిమిషములు అందులో ఉంటాయి. కొనుటకు ముందే దుకాణదారుని అడిగి ఈ పట్టికను చదువుట మంచిది. 'విద్యుత్తు ఆదా' అని పెట్టెపై అచ్చు వేసిన మాట ముద్ర కాదు.

ఎంపికలో చూడవలసిన అంశములు

పరిమాణము: యంత్రపు సామర్థ్యమును ప్లేస్ సెట్టింగులలో చెబుతారు. ఒక సెట్టింగు అనగా ఒక మనిషి ఐరోపా పద్ధతిలో భోజనము చేయుటకు కావలసిన పళ్ళెములు, గ్లాసు, కప్పు, చెంచాలు మొదలైనవి. ఇందులో మన కుక్కరు, మూకుడు, పులుసు గిన్నె లెక్కలోనికి రావు. నలుగురు ఉన్న ఇంట్లో రెండు పూటల పళ్ళెములు, వంట గిన్నెలు కలిపి ఒకే విడతలో కడుగవలెనన్నచో 12 నుండి 14 సెట్టింగుల యంత్రము సరిపోతుంది. 8 సెట్టింగుల బల్లపై పెట్టే యంత్రము ఒక్కొక్క విడతకు తక్కువ వాడినా, రోజుకు రెండు సార్లు నడిపినచో మొత్తము ఎక్కువ కావచ్చును. పెద్ద గిన్నెలు పట్టుటకు పై అరను పైకి క్రిందికి మార్చే వీలు ఉన్నదో లేదో చూడవలెను. వీలైతే ఇంట్లోని పెద్ద గిన్నెను దుకాణమునకు తీసుకొని వెళ్ళి పెట్టి చూచుట ఉత్తమము.

ఆరబెట్టే పద్ధతి: చివరి జాడింపులోని వేడితోనే తడి ఆరిపోయే పద్ధతి పొదుపైనది. కొన్ని యంత్రములలో ప్రోగ్రాము చివర తలుపు దానంతట అదే కొద్దిగా తెరుచుకుంటుంది. కొన్నింటిలో తేమను పీల్చుకొని వేడిని విడుదల చేసే జియోలైట్ అనే ఖనిజమును వాడతారు. హీటరుతో గాలిని వేడి చేసి ఆరబెట్టే సదుపాయము ఉన్నచో దానిని ఆపివేసే వీలు కూడా ఉండవలెను.

నీటి పీడనము: చాలా యంత్రములకు కనీసము 0.3 నుండి 0.5 బారు పీడనము అవసరము. ఒక మీటరు ఎత్తున ఉన్న నీరు సుమారు 0.1 బారు పీడనము ఇస్తుంది. అనగా ట్యాంకు అడుగు భాగము యంత్రపు కుళాయి కంటె 3 నుండి 5 మీటర్లు ఎత్తున ఉండవలెను. ఒక అంతస్తు డాబా ఇంటిపై నేరుగా పెట్టిన ట్యాంకుకు ఈ పీడనము చాలకపోవచ్చును. నీరు చాలనపుడు యంత్రము మధ్యలో ఆగి తప్పు సంకేతము చూపుతుంది.

విద్యుత్ సరఫరా: 2,000 వాట్ల హీటరుకు 230 వోల్టుల వద్ద సుమారు 8.7 ఆంపియర్లు కావలెను. అందుచేత 16 ఆంపియర్ల ప్లగ్గు, సరియైన ఎర్తింగు తప్పనిసరి. ఇళ్ళలో ఉండే సాధారణ ఇన్వర్టరు దీనిని నడుపలేదు. విద్యుత్తు పోయి వచ్చినపుడు ఆగిన చోటి నుండి కొనసాగే యంత్రమును ఎంచుకొనవలెను. లేనిచో వేడి చేసిన నీరంతా వృథా అగును.

మరమ్మతు: ఊరికి వచ్చి బాగుచేసే సాంకేతిక నిపుణులు ఎంత దూరములో ఉన్నారో ముందే విచారించవలెను. జంగారెడ్డిగూడెము వంటి పట్టణమునకు నిపుణుడు ఏలూరు నుండి గాని, రాజమహేంద్రవరము నుండి గాని రావలసి ఉండవచ్చును. రెండేళ్ళకే మూలపడిన యంత్రము ఎంత పొదుపైనదైనా వృథాయే.

నీటి కాఠిన్యము - మెట్ట, డెల్టా

జంగారెడ్డిగూడెము మెట్ట ప్రాంతము. కొంగువారిగూడెం వద్ద ఎర్రకాలువ జలాశయము ఉన్నప్పటికీ ఇళ్ళలోను, తోటలలోను బోరు నీటి వాడకము ఎక్కువ. భూమి పొరలలోని కాల్షియం, మెగ్నీషియం లవణములు బోరు నీటిలో కరిగి ఉంటాయి. దీనినే నీటి కాఠిన్యము అంటారు. సబ్బు సరిగా నురగ రాకపోవుట, పప్పు త్వరగా ఉడకకపోవుట, నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లని పెచ్చు కట్టుట దీని లక్షణములు. భారతీయ ప్రమాణముల సంస్థ 2012 నాటి ప్రమాణము ప్రకారము తాగు నీటిలో కాఠిన్యము లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటరాదు. వేరొక ఆధారము లేనపుడు 600 వరకు అనుమతిస్తారు.

కఠిన జలము వలన పాత్రలపై తెల్లని మచ్చలు పడతాయి. హీటరుపై పెచ్చు కట్టి నీరు వేడెక్కుటకు ఎక్కువ విద్యుత్తు పడుతుంది. దీనిని నివారించుటకు యంత్రములో అయాను మార్పిడి చేసే రెజిను ఉంటుంది. ఇది నీటిలోని కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకొని సోడియంను విడుదల చేస్తుంది. రెజిను నిండినపుడు ఉప్పు నీటితో దానిని మరల శుద్ధి చేయవలెను. అందుకే యంత్రములో ఉప్పు పోసే అర ఉంటుంది. ఇందులో డిష్‌వాషరు కొరకు అమ్మే శుద్ధమైన ఉప్పునే వాడవలెను. రాళ్ళ ఉప్పులోని మలినములు, వంట ఉప్పులో గడ్డ కట్టకుండా కలిపే పదార్థములు రెజినును పాడుచేస్తాయి.

యంత్రమును నీటి కాఠిన్యమునకు తగినట్లు అమర్చవలెను. చాలా యంత్రముల పుస్తకములలో కాఠిన్యమును జర్మన్ డిగ్రీలలో చెబుతారు. ఒక డిగ్రీ అనగా లీటరుకు 17.8 మిల్లీగ్రాములు. 300 మిల్లీగ్రాముల నీరు సుమారు 17 డిగ్రీలు, 600 మిల్లీగ్రాముల నీరు సుమారు 34 డిగ్రీలు. కొనుటకు ముందు ఇంటి నీటిని ప్రయోగశాలలో పరీక్ష చేయించి, యంత్రము అంతటి కాఠిన్యమును తట్టుకొనగలదో లేదో చూచుకొనవలెను.

డెల్టాలో గోదావరి కాలువ నీటిని చెరువులలో నిలువచేసి, శుద్ధిచేసి సరఫరా చేసే ఊళ్ళు అనేకము కలవు. కాలువ నీరు సాధారణముగా మెత్తనిది. అక్కడ ఉప్పు తక్కువ పడుతుంది. సముద్ర తీరమునకు దగ్గరగా ఉన్న గ్రామములలో భూగర్భ జలము ఉప్పగా ఉంటుంది. అయాను మార్పిడి కాఠిన్యమును తొలగిస్తుంది కాని ఉప్పదనమును తొలగించదు. అట్టి నీటితో స్టీలు పాత్రలపై కూడా మచ్చలు, తుప్పు రావచ్చును. ఆర్.ఓ. యంత్రము విడిచిపెట్టే నీటిలో లవణములు మరింత చిక్కగా ఉంటాయి కనుక దానిని డిష్‌వాషరుకు వాడరాదు.

పాత్రల ఎంపిక

ఇంట్లోని పాత్రలలో సగము యంత్రములో పెట్టరానివైతే యంత్రము ఎప్పుడూ నిండదు. కాబట్టి కొనుటకు ముందు వంటింటిలోని పాత్రలను లెక్క చూచుట అవసరము.

పెట్టదగినవి: స్టీలు కంచములు, గిన్నెలు, గ్లాసులు, గరిటెలు, గాజు పాత్రలు, పింగాణీ కప్పులు, స్టీలు కుక్కరు (రబ్బరు వలయము, విజిలు తీసివేసి).

పెట్టరానివి:
- వాడుకలో సిల్వరు గిన్నెలు అనబడే అల్యూమినియం పాత్రలు. క్షారము వలన ఇవి నల్లబడతాయి. అల్యూమినియం కుక్కరు కూడా ఇంతే.
- ఇనుప పెనము, ఇనుప మూకుడు. వీటిపై నూనె పూత పోయి తుప్పు పడుతుంది.
- ఇత్తడి, రాగి, కంచు, వెండి సామాను.
- మట్టి కుండలు, రాచ్చిప్పలు, కొయ్య తెడ్లు, కొయ్య పిడి గల కత్తులు.
- యంత్రములో పెట్టవచ్చునని గుర్తు లేని నాన్‌స్టిక్ పెనములు, ప్లాస్టిక్ డబ్బాలు.

ఇత్తడి, సిల్వరు పాత్రలు ఎక్కువగా వాడే ఇంట్లో ముందు స్టీలుకు మారుట, లేక చిన్న యంత్రము కొనుట మేలు. కొన్ని ఇళ్ళలో ఎంగిలి కంచములను, వంట గిన్నెలను కలిపి కడుగుటకు ఇష్టపడరు. అట్టివారు రెండు విడతలుగా నడిపినచో విద్యుత్తు ఖర్చు దాదాపు రెట్టింపగునని గమనించవలెను.

ఖర్చు లెక్క

జంగారెడ్డిగూడెమునకు విద్యుత్తును ఆంధ్రప్రదేశ్ తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ సరఫరా చేస్తుంది. 2022-23లో ఆంధ్రప్రదేశ్ గృహ వినియోగదారులకు నిర్ణయించిన శ్లాబులలో 76 నుండి 125 యూనిట్ల వరకు యూనిట్టు 4.50 రూపాయలు, 126 నుండి 225 వరకు 6 రూపాయలు, 226 నుండి 400 వరకు 8.75 రూపాయలు, ఆపై 9.75 రూపాయలు. ఇతర చార్జీలు అదనము. కొత్త యంత్రము వాడే యూనిట్లు బిల్లులో చివరి శ్లాబులోనే చేరుతాయి. కనుక సగటు ధరను గాక, తమ బిల్లులోని పై శ్లాబు ధరను తీసుకొని లెక్క వేయవలెను.

రోజుకు ఒక విడత చొప్పున 0.9 యూనిట్టు వాడే యంత్రము నెలకు 27 యూనిట్లు వాడుతుంది. పై ధరల ప్రకారము అదనపు ఖర్చు:
- ఇప్పటికే 180 యూనిట్లు వాడే ఇంటికి: 162 రూపాయలు.
- 210 యూనిట్లు వాడే ఇంటికి (శ్లాబు మారుతుంది): 195 రూపాయలు.
- 240 యూనిట్లు వాడే ఇంటికి: సుమారు 236 రూపాయలు.

దీనికి డిటర్జెంటు, ఉప్పు, జాడింపు ద్రవము ఖర్చులు చేరుతాయి. చాలా ఇళ్ళలో ఇవి విద్యుత్తు ఖర్చు కంటె ఎక్కువే అగును.

రెండు యంత్రములలో ఏది లాభమో తేల్చుటకు సులభమైన పద్ధతి కలదు. ఒకటి విడతకు 0.9 యూనిట్టు, రెండవది 1.2 యూనిట్లు వాడుతున్నవనుకొందము. ఏడాదికి 300 విడతలకు తేడా 90 యూనిట్లు. యూనిట్టు 6 రూపాయలైతే ఏడాదికి 540, పదేళ్ళకు 5,400 రూపాయలు. 8.75 రూపాయలైతే పదేళ్ళకు 7,875 రూపాయలు. పొదుపైన యంత్రపు ధర ఇంతకంటె ఎక్కువ తేడాతో ఉన్నచో, కేవలము విద్యుత్తు కొరకు దానిని కొనుట లాభసాటి కాదు.

పొదుపుగా వాడు విధానము

ఎంత మంచి యంత్రమైనా వాడకమును బట్టియే పొదుపు ఉంటుంది.

- యంత్రము నిండిన తరువాతనే నడుపవలెను. సగము నింపి నడిపినా ఖర్చు సగము కాదు.
- పాత్రలను ముందుగా కుళాయి క్రింద కడిగి పెట్టరాదు. అట్లు చేసినచో నీటి ఆదా పోతుంది. కరివేపాకు, ఎండుమిరపకాయలు, మునగకాయ పిప్పి, చింతపండు తుక్కు మాత్రము గీకి తీసివేయవలెను. ఇవి జల్లెడకు అడ్డుపడతాయి.
- అడుగంటిన గిన్నెలను కొంతసేపు నానబెట్టవలెను. వాటి కొరకు మొత్తము విడతను 70 డిగ్రీలతో నడుపుట దుబారా.
- జల్లెడను వారమునకు ఒకసారియైనా శుభ్రపరచవలెను.
- ఇంటిపై సౌర ఫలకములు ఉన్నవారు పగటి పూట నడుపుకొనవచ్చును. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన ప్రధానమంత్రి సూర్య ఘర్ పథకము క్రింద ఇంటి పైకప్పు ఫలకములకు రాయితీ లభిస్తుంది.
- డిటర్జెంటు బిళ్ళలు తీవ్రమైన క్షారములు. పిల్లలకు అందకుండా ఉంచవలెను. కత్తులను మొన క్రిందికి ఉండునట్లు పెట్టవలెను.

పల్లెటూళ్ళలో అంట్లు కడిగిన నీరు పెరటిలోని అరటి చెట్లకు, కంద పాదులకు పోవుట సాధారణము. డిష్‌వాషర్ నీటిలో సోడియం లవణములు, క్షారము ఎక్కువగా ఉంటాయి. ఇవి నేలలో పేరుకొనినచో మొక్కలకు హాని. కావున ఈ నీటిని మురుగు కాలువలోనికి గాని, ఇంకుడు గుంటలోనికి గాని పంపవలెను. బావికి, బోరుకు దగ్గరలో ఇంకుడు గుంట ఉండరాదు.

సామాజిక కోణము

2019లో కేంద్ర గణాంక శాఖ నిర్వహించిన సమయ వినియోగ సర్వే ప్రకారము, దేశములో జీతము లేని ఇంటి పనులు చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషములు వాటికి వెచ్చిస్తున్నారు. అట్టి పనులు చేసే పురుషులు వెచ్చించే సమయము 97 నిమిషములు. అంట్లు తోముట ఈ పనులలో ఒకటి. వంగి కూర్చుని తోముట వలన నడుము, మోకాళ్ళ నొప్పులు ఉన్నవారికి, వృద్ధ దంపతులు ఇద్దరే ఉన్న ఇళ్ళకు ఈ యంత్రము ఉపయోగకరము.

మరొక వైపు, ఇళ్ళలో అంట్లు తోమి జీవించే స్త్రీలు ప్రతి పట్టణములోను ఉన్నారు. యంత్రము వచ్చిన ఇంట్లో వారి పని తగ్గవచ్చును. అయితే ఇత్తడి బిందెలు, ఇనుప పెనములు, పెద్ద గంగాళములు యంత్రములో పట్టవు. ఇల్లు ఊడ్చుట, బట్టలు ఉతుకుట వంటి పనులు ఉండనే ఉంటాయి. కావున అనేక కుటుంబములు యంత్రమును కొన్న తరువాత కూడా పనివారిని కొనసాగిస్తాయి. యంత్రము కొనుటకు ముందు ఖర్చు లెక్క వేసేవారు పనిమనిషి జీతమును మిగులుగా చూపుట వాడుక. ఆ మిగులు మరొక ఇంటి రాబడి అని కూడా గుర్తించవలసి ఉన్నది.

ఇవి కూడా చూడండి

- నీటి కాఠిన్యము
- వాషింగ్ మెషీన్
- బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ
- సౌర విద్యుత్తు
- జంగారెడ్డిగూడెం